సంఘంలో సభ్యులెవరు?
ఆలయ సంఘాల సభ్యత్వ నియమాలు – ఒక చారిత్రక పరిశీలన



యాగశాలలో పూర్ణాహుతి ముగిసి, మంత్రపూతమైన కలశోదకం విమాన శిఖరాన్ని తడిపే ఆ శుభ ముహూర్తం కోసం జీర్ణోద్ధరణ తలపెట్టిన నాటి నుండి ప్రతి భక్తుడూ ఎదురుచూస్తాడు. ఆ క్షణంలో అందరి చూపులూ శిఖరం మీదనే నిలుస్తాయి. అది సహజమే. అయితే శిఖరాన్ని మోసేది పునాది. ఆలయానికి రాతి పునాది ఒకటి ఉన్నట్లే, మనుషుల పునాది మరొకటి ఉన్నది. దానినే మనం సంఘం అంటున్నాము.

ఇటువంటి సంచికలు చేతికి అందగానే మనలో చాలామంది మొదట వెదికేది దాతల పట్టికలో తమ పేరు. అందులో తప్పేమీ లేదు. కాని ఆ పట్టికను చూస్తూ ఒక ప్రశ్న వేసుకుందాము. నిత్యమూ దర్శనానికి వచ్చే భక్తుడు, విరాళమిచ్చిన దాత, నిర్ణయాలు తీసుకునే సంఘ సభ్యుడు – ఈ ముగ్గురూ ఒకరేనా? కాకపోతే ఎవరి హక్కు ఏది? ఎవరి బాధ్యత ఏది? ఈ ప్రశ్నకు సమాధానం ముందుగా వ్రాసి పెట్టుకోని చోట, కలిసి గుడి కట్టినవారే తరువాత కోర్టు మెట్లు ఎక్కవలసి వస్తుంది. మన పూర్వులకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే వారు సభ్యత్వ నియమాలను తాళపత్రం మీద, రాతి మీద వ్రాసి ఉంచినారు. ఆ చరిత్రను మీ ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశము.

భట్టిప్రోలు భరిణెల మీది పేర్లు

తెలుగు నేల మీద సంఘ సభ్యుల పట్టీ మనకు లభించిన అతి ప్రాచీన స్థలాలలో భట్టిప్రోలు ఒకటి. ఒకప్పటి గుంటూరు జిల్లాలో, 2022 నుండి బాపట్ల జిల్లాలో ఉన్న ఈ గ్రామంలోని బౌద్ధ స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రీ త్రవ్వించినప్పుడు ధాతువులను భద్రపరచిన రాతి భరిణెలు బయటపడినవి. వాటి మీది ప్రాకృత శాసనాలు క్రీస్తుకు పూర్వం 3–2 శతాబ్దాల నాటివని పండితుల అంచనా. ఆ రాతలలో రాజప్రశస్తి లేదు, యుద్ధ వర్ణన లేదు. ‘గోఠి’ అని, అనగా గోష్ఠి అని పేర్కొని, దానికి చెందినవారి పేర్లు వరుసగా చెక్కినారు. ‘నెగమా’ అంటూ వర్తక సంఘం వారి పేర్లు వేరుగా చెక్కినారు. కుబిరకుడనే రాజు ప్రస్తావన కూడా ఉన్నది. ఆయన సింహగోష్ఠికి ప్రముఖుడు అని ఉన్నది.

గమనించండి. రాజైనా గోష్ఠిలో ఒకడుగానే, దాని పెద్దగానే కనిపిస్తున్నాడు. ఆ పుణ్యకార్యం ఏ ఒక్కరిదో కాదు, పేరు పేరునా తెలిసిన ఒక సమూహానిది. ఎవరు సభ్యులో రాతి మీద ఉన్నది కనుక, ఆ తరువాత ‘నేనూ ఉన్నాను’ అనడానికీ, ‘నాకు సంబంధం లేదు’ అనడానికీ వీలు లేదు. మతమేదైనా, సమష్టిగా చేసే ధర్మకార్యానికి సభ్యుల పట్టీ మొదటి మెట్టు అని ఆ భరిణెలు నేటికీ చెబుతున్నవి.

స్మృతికారులు చెప్పిన సంఘ ధర్మము

ధర్మశాస్త్రాలలో వ్యవహార పదాలు, అనగా న్యాయస్థానానికి వచ్చే తగాదాల రకాలు, పద్ధెనిమిదిగా లెక్కించినారు. అందులో ఒకటి సంఘం చేసుకున్న కట్టుబాటును అతిక్రమించడం. నారదుడు దీనిని ‘సమయస్యానపాకర్మ’ అన్నాడు. యాజ్ఞవల్క్యుడు ‘సంవిద్వ్యతిక్రమం’ అన్నాడు. సమయమన్నా సంవిత్తన్నా పదిమంది కలిసి చేసుకున్న ఒప్పందమే.

బృహస్పతి స్మృతిలోని మాట మనకు మరీ దగ్గరిది. సభామండపం, చలివేంద్రం, దేవాలయం, చెరువు, తోట – వీటిని బాగుచేయడం, అనాథలకు దరిద్రులకు సంస్కారాలు జరిపించడం మొదలైన పనులను ‘మేము వంతుల వారీగా చేస్తాము’ అని పత్రం మీద వ్రాసుకుంటే అది ధర్మ్యమైన ఒప్పందమని ఆయన నిర్ణయించినాడు. దేవాలయ జీర్ణోద్ధరణకు సంఘంగా ఏర్పడడం ఎంత పాత సంప్రదాయమో చూడండి. సంఘం హితం పలికే కార్యచింతకులు ఇద్దరో ముగ్గురో అయిదుగురో ఉండాలని కూడా బృహస్పతి చెప్పినాడు. అదే నేటి కార్యవర్గానికి బీజము.

యాజ్ఞవల్క్యుడు మరింత కఠినుడు. సంఘం పని మీద వెళ్లినవాడు అక్కడ తనకు లభించినది తెచ్చి సంఘానికి అప్పగించాలి. అప్పగించకపోతే పదకొండు రెట్లు వసూలు చేయాలి. సంఘద్రవ్యం అపహరించినవాని సర్వస్వం తీసుకొని దేశం నుండి వెళ్లగొట్టాలి. విరాళాల వసూలుకు రసీదు పుస్తకం పట్టుకొని తిరిగే ప్రతి ఒక్కరూ గుర్తుంచుకోదగిన మాట ఇది.

సభ్యత్వం గురించి సూటిగా చెప్పినవాడు కాత్యాయనుడు. ఆయన స్మృతి సమగ్రంగా దొరకలేదు. నిబంధన గ్రంథాలలో ఉదహరింపబడిన శ్లోకాలను పి.వి. కాణే పండితుడు 1933లో సంకలనం చేసినారు. అందులోని తీర్పు ఇది: సంఘంలో తరువాత చేరినవారు కూడా అంతకు ముందున్న ధనంలోను, ఋణంలోను సమాన భాగస్వాములే. సంఘంలో ఉన్నవానికే భోజనంలో, పంపకంలో, దానధర్మ క్రియలలో వంతు. విడిచి వెళ్లినవానికి లేదు. సంఘం పేరు చెప్పి అప్పు తెచ్చి సొంతానికి వాడుకున్నవారు దానిని తామే తీర్చాలి. చేరిక, వైదొలగడం, బాధ్యత – సభ్యత్వ నియమావళికి మూలస్తంభాలైన ఈ మూడూ ఇంతకంటె క్లుప్తంగా చెప్పడం కష్టము.

ఉత్తరమేరూరు గోడల మీది నియమావళి

శాస్త్రం చెప్పినది ఆచరణలో ఎలా ఉండేదో చూడాలంటే తొండైమండలంలోని ఉత్తరమేరూరుకు వెళ్లాలి. నేటి కాంచీపురం జిల్లాలో ఉన్న ఈ ఊరిలో వైకుంఠ పెరుమాళ్ ఆలయ కుడ్యాల మీద మొదటి పరాంతక చోళుని కాలపు శాసనాలు రెండు ఉన్నవి. ఒకటి 919 నాటిది, రెండవది 921 నాటిది. శాసన పండితుడు వి. వెంకయ్య వీటిని పురావస్తు శాఖ 1904–05 వార్షిక నివేదికలో ప్రకటించినప్పటి నుండి ఇవి లోకప్రసిద్ధమైనవి. ఊరి మహాసభలో పనిచేసే ‘వారియము’లకు, అనగా ఉపసంఘాలకు, ఎవరు అర్హులో, ఎలా ఎంపిక చేయాలో ఇందులో వివరంగా ఉన్నది.

921 నాటి శాసనం ప్రకారం ఊరిని ముప్పది కుడుంబులుగా, అనగా వార్డులుగా విభజించినారు. అభ్యర్థికి పన్ను చెల్లించే సొంత భూమి పావు వేలి కంటె ఎక్కువ ఉండాలి, సొంత స్థలంలో కట్టుకున్న ఇల్లు ఉండాలి, వయస్సు 35కు పైన, 70కి లోపల ఉండాలి, వేదజ్ఞానం ఉండాలి. భూమి తక్కువైనా చదువు ఎక్కువ ఉన్నవారికి మినహాయింపు ఇచ్చినారు. గడచిన మూడు సంవత్సరాలలో ఏ వారియంలోను పనిచేసి ఉండరాదు.

ఇక అనర్హతలు చూడండి. వారియంలో పనిచేసి లెక్కలు అప్పగించనివాడు మళ్లీ పనికిరాడు. వాడే కాదు, వాని పినతల్లి పెదతల్లి కుమారులు, మేనత్త కొడుకు, మేనమామ, మేనల్లుడు, అల్లుడు, తండ్రి, కొడుకు – వీరెవరూ పనికిరారు. పరుల సొమ్ము అపహరించినవాడు, మహాపాతకాలు చేసినవాడు అసలే పనికిరాడు. లెక్క చూపని ఒక్కని వలన బంధువర్గమంతా అనర్హమవుతుందంటే, జమాఖర్చుల విషయంలో వారెంత నిక్కచ్చిగా ఉన్నారో తెలుస్తున్నది.

ఎంపిక పద్ధతి మరింత రమ్యము. అర్హుల పేర్లు తాళపత్రపు ముక్కల మీద వ్రాసి, కుడుంబుకొక కట్టగా కట్టి కుండలో వేస్తారు. పిన్నలు పెద్దలు సభలో కూడుతారు. ఆ రోజు ఊరిలో ఉన్న ఆలయ పూజారులందరూ తప్పక వచ్చి సభామండపంలో కూర్చుంటారు. వారిలో వయోవృద్ధుడు కుండను అందరికీ కనబడేటట్లు ఎత్తి పట్టుకుంటాడు. లోపల ఏమున్నదో తెలియని ఒక బాలుడు కట్టను తీస్తాడు. దానిని వేరొక కుండలో వేసి కలిపి, అందులో నుండి ఒక పత్రం తీస్తాడు. మధ్యస్థుడు అయిదు వ్రేళ్లూ చాచి అరచేతిలో దానిని అందుకొని పైకి చదువుతాడు. తరువాత పూజారులందరూ చదువుతారు. ఆపైననే పేరు ఖాయమవుతుంది. ఇలా ఎంపికైన ముప్పది మందిలో పన్నెండుగురు సంవత్సర వారియానికి, పన్నెండుగురు తోట వారియానికి, ఆరుగురు చెరువు వారియానికి. వారి పదవీకాలం 360 రోజులు. మధ్యలో తప్పు చేసినట్లు తేలితే వెంటనే తొలగింపు.

ఈ కథలో రెండు విషయాలు మనం మరువరాదు. మొదటిది, 919లో చేసిన నియమాలను రెండేళ్లకే, 921లో, అదే సభ సవరించుకున్నది. ఉదాహరణకు 30–60గా ఉన్న వయఃపరిమితి 35–70 అయినది. అనుభవంతో లోపం కనబడితే దిద్దుకోవడానికి వారు సిగ్గుపడలేదు. రెండవది, ఆ సభ ఊరందరిదీ కాదు. అది అగ్రహారంలోని భూస్వాములైన బ్రాహ్మణ పురుషుల సభ. స్త్రీలకు, ఇతర కులాల వారికి అందులో చోటు లేదు. ఆ సరిహద్దు చెరిగిపోవడానికి మరి వేయి సంవత్సరాలు పట్టినది. ఆంధ్ర జిల్లాలు కూడా కలిసి ఉన్న నాటి మద్రాసు రాష్ట్రంలో 1947 నాటి ఆలయ ప్రవేశ చట్టం గుడి తలుపులు అందరికీ తెరచినది. మనం వారి నుండి నేర్చుకోవలసినది ఆ కంచెను కాదు, ఆ పద్ధతిని.

దాతకు దక్కినది

సభ్యుని సంగతి ఇది. మరి దాత సంగతి ఏమిటి? దీనికి సమాధానం తిరుమల శాసనాలలో ఉన్నది. విజయనగర ప్రభువుల కాలంలో శ్రీవారికి నైవేద్యాల కోసం ధనం, భూములు సమర్పించిన దాతలకు ‘స్థానత్తారు’ అనే ఆలయ నిర్వాహక సంఘం శిలాశాసనం వ్రాసి ఇచ్చేది. ఆ ధనాన్ని దేవస్థాన గ్రామాలలో చెరువులు, కాలువలు త్రవ్వించడానికి వినియోగించి, పెరిగిన పంటతో నైవేద్యం జరిపించేవారు. నివేదించిన ప్రసాదంలో దాతకు ఒక వంతు చెందుతుంది. దానికి ‘విట్టవన్ విళుక్కాడు’ అని పేరు; అది సాధారణంగా నాలుగవ వంతు. ఆ వంతును దాత తన సంతతికి గాని, ఒక మఠానికి గాని కేటాయించవచ్చు.

ఎంత స్పష్టమైన ఏర్పాటో చూడండి! దాతకు గౌరవం ఉన్నది, ప్రసాదంలో హక్కు ఉన్నది, తాను కోరిన కైంకర్యం జరుగుతుందన్న వ్రాతపూర్వకమైన హామీ ఉన్నది. కాని దానమిచ్చినంత మాత్రాన ఆయన స్థానత్తారులో ఒకడు కాలేదు. దానం వేరు, నిర్వహణ వేరు. ఆ రెంటి మధ్య గీత ముందే గీయబడినందువలన ఇరువురికీ మర్యాద దక్కినది.

రెండు చట్టాలు – రెండు పదిహేనవ సెక్షన్లు

ఆంగ్లేయుల పాలన వచ్చిన తరువాత ఈ ప్రశ్న చట్టాల భాషలోకి మారినది. 1860లో సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చినది. గ్రంథాలయాలు, విజ్ఞాన సంస్థల కోసం ఇంగ్లండులో 1854లో చేసిన చట్టం దీనికి నమూనా. ఏడుగురో అంతకు మించో కలిసి సొసైటీగా నమోదు కావచ్చునని ఇది చెప్పినది. దాని 15వ సెక్షన్ సభ్యుడెవరో నిర్వచించినది. నియమావళి ప్రకారం చేర్చుకోబడి, చందా చెల్లించి గాని సభ్యుల పట్టీలో సంతకం చేసి గాని ఉండి, నియమాల ప్రకారం రాజీనామా చేయనివాడే సభ్యుడు. చందా బకాయి మూడు నెలలు మించితే ఓటు లేదు. సభ్యుల లెక్కలోకీ రాడు.

మూడేళ్ల తరువాత, 1863లో, మత ధర్మాదాయాల చట్టం వచ్చినది. ఆలయ పర్యవేక్షణ నుండి ప్రభుత్వం తప్పుకొని ఆ బాధ్యతను స్థానిక కమిటీలకు అప్పగించినది. కమిటీ సభ్యుల పదవి జీవితాంతం. మరి వారు తప్పు చేస్తే అడిగేదెవరు? ఈ చట్టంలోని 15వ సెక్షన్ దానికి జవాబు. దావా వేయడానికి ధనపరమైన ప్రయోజనం ఉండనవసరం లేదు; ఆలయ పూజలకు హాజరయ్యే హక్కు గాని అలవాటు గాని ఉన్నవాడు, అక్కడి అన్నదానంలో పాలు పొందేవాడు కూడా ఆలయంతో సంబంధమున్నవాడే.

ఈ రెండు సెక్షన్లను పక్కపక్కన పెట్టి చదవండి. మొదటిది సభ్యునికి పట్టీ, చందా, సంతకం అడుగుతున్నది. రెండవది భక్తుని నుండి ఏమీ అడగడం లేదు. నిర్ణయించే హక్కు సభ్యునిది. నిలదీసే హక్కు పైసా ఇవ్వని భక్తునిది కూడా.

తరువాతి తీర్పులు ఈ చిత్రాన్ని పూర్తి చేసినవి. ప్రతిష్ఠితమైన దేవతామూర్తికి చట్టం దృష్టిలో వ్యక్తిత్వం ఉన్నదని ప్రీవీ కౌన్సిల్ 1925లో అంగీకరించినది. ఆలయ ధర్మాదాయం వలన నిజంగా మేలు పొందేవారు భక్తులేనని సుప్రీంకోర్టు 1956లో చెప్పినది. కనుక ఆస్తి స్వామిది, ప్రయోజనం భక్తులది, సేవాభారం సభ్యులది.

రిజిస్టరు కాని సంఘం సంగతి

మన ఊళ్లలో జీర్ణోద్ధరణ తరచుగా రిజిస్టరు కాని సంఘంతోనే మొదలవుతుంది. రచ్చబండ దగ్గర పదిమంది కూర్చుంటారు; ఒకరిని అధ్యక్షులుగా, ఒకరిని కార్యదర్శిగా, ఒకరిని కోశాధికారిగా అనుకుంటారు; పని సాగుతుంది. ఇది నేరం కాదు. బృహస్పతి మెచ్చిన పద్ధతే. అయితే అటువంటి సంఘానికి చట్టం దృష్టిలో సొంత వ్యక్తిత్వం లేదు. తన పేరున స్థిరాస్తి ఉంచుకోలేదు. శిల్పుల కూలి, సిమెంటు బాకీ తీరకపోతే పని ఒప్పుకొని సంతకం చేసిన వ్యక్తుల మీదనే భారం పడే ప్రమాదం ఉన్నది. న్యాయస్థానానికి వెళ్లాలంటే 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని మొదటి ఆర్డరు 8వ రూలు క్రింద, కోర్టు అనుమతితో కొందరు అందరి తరఫున నిలబడాలి. ఇటువంటి సంఘంలో సభ్యులను కలిపి ఉంచేది ఒక్కటే – తమలో తాము చేసుకున్న ఒప్పందము. ఒక సోదర సంఘం నుండి బహిష్కరింపబడిన సభ్యుని వివాదంలో 1960ల ఆరంభంలో సుప్రీంకోర్టు ఇదే సూత్రం చెప్పినది. సభ్యుడు నియమాలకు బద్ధుడు. అతనిని తొలగించేవారు కూడా ఆ నియమాలను తు.చ. తప్పక పాటించాలి, అతని మాట వినాలి.

రిజిస్టరు చేసుకోదలచిన వారికి 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ఉన్నది. ఆంధ్ర ప్రాంతంలోని 1860 చట్టానికి, తెలంగాణ ప్రాంతంలోని 1350 ఫసలీ చట్టానికి బదులుగా వచ్చిన ఈ చట్టం 2014 తరువాత తెలంగాణలోనూ కొనసాగినది. కాని సొసైటీ రిజిస్టరైనంత మాత్రాన గుడి సొసైటీ సొత్తు కాదు. 1987 నాటి దేవాదాయ చట్టం, రిజిస్టరైనా కాకపోయినా, ప్రజలందరి హిందూ ధర్మసంస్థలకు వర్తిస్తుంది.

మన కర్తవ్యము

కుంభాభిషేకంతో నిర్మాణం ముగుస్తుంది, నిర్వహణ మొదలవుతుంది. కట్టేటప్పుడు అందరికీ ఉత్సాహమే. తగాదాలు వచ్చేది ఆ తరువాతనే. కనుక ప్రతి ఆలయ సంఘమూ మండలాభిషేకం ముగిసేలోగా కొన్ని పుటల నియమావళి వ్రాసుకోవడం మేలు. ఎవరు చేరవచ్చు, ఎవరు చేర్చుకోవాలి. చందా ఎంత, ఎన్నాళ్లు బకాయి పడితే ఓటు పోతుంది. పెద్ద దాతకు ఏ గౌరవం, ఓటు ఒకటేనా. కార్యవర్గం గడువెంత, ఎన్నాళ్లు విరామమిచ్చి మళ్లీ నిలబడవచ్చు. రాజీనామా ఎవరికి ఇవ్వాలి. తొలగించే ముందు సంజాయిషీ ఎలా అడగాలి. లెక్కలు ఏ నెలలో చదివి వినిపించాలి. నియమం మార్చాలంటే ఎంతమంది ఒప్పుకోవాలి. సంఘం రద్దయితే మిగిలినది ఎవరికి చేరాలి – ఇవన్నీ అందులో ఉండాలి. చివరి ప్రశ్నకు మాత్రం జవాబు ముందే ఉన్నది. సంఘంవారు పంచుకోరాదు, అది స్వామి సొమ్ము.

దాతలారా! మీరిచ్చినది స్వామికి చేరినది. దాని ఫలం మీదే. నియమావళి ఏదని, లెక్కలు ఎప్పుడు చదువుతారని మీరు అడగడం అవిశ్వాసం కాదు, కైంకర్యంలో భాగమే. సభ్యులారా! మీ పేరు పట్టీలో ఉండడం పదవి కాదు, ఋణము. భక్తులారా! మీ పేరు ఏ పట్టికలోనూ లేకపోయినా ఈ గుడి మీ కోసమే.

భట్టిప్రోలు గోష్ఠి వారి ముఖాలు మనకు తెలియవు. వారు మోసిన భారం మాత్రం వారి పేర్లతో పాటు రెండు వేల సంవత్సరాలకు పైగా రాతి మీద నిలిచినది. మన పేర్లు కూడా అలాగే, లెక్క తేలిన పేర్లుగా, మన తరువాతి వారికి అందుగాక!

సర్వేజనాః సుఖినో భవంతు.